ఊపిరాడనివాళ్ళ పెళ్ళి ప్రయాణం

ప్రొద్దుటూరుకు జనం బంగారం కొనడానికి పోతారు. జమ్మలమడుగులో గండికోటకు దారి అడగడానికి ఆగుతారు. పులివెందులకు పనుంటే పోతారు. ఈ మూడు ఊళ్ళకీ ఊపిరి పీల్చుకోవడం నేర్చుకోవడానికి పోయినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

మాది తాడేపల్లిగూడెం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏడాదిన్నర కిందట ఒక ఉదయం పిల్లలు ప్రతిజ్ఞ చదువుతుండగా ఉన్నట్టుండి నా గుండె పరుగు లంకించుకుంది. చేతులు తిమ్మిరెక్కాయి, గొంతు పూడుకుపోయింది. చచ్చిపోతున్నానేమో అని అనుమానం కాదు, చచ్చిపోతున్నానని ఖాయంగా తెలిసింది. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే బాగానే ఉంది. మరుసటి నెల మళ్ళీ, ఆ పై నెల మళ్ళీ. మూడోసారి డాక్టరుగారు పరీక్షలన్నీ ముందు పెట్టుకుని, "మీ గుండె నా గుండె కన్నా బాగుందమ్మా. దీన్ని పానిక్ అటాక్ అంటారు" అన్నారు.

చావడం లేదని తెలిస్తే సంతోషించాలి కదా. నాకు సిగ్గేసింది. మూడుసార్లూ వీధి వీధంతా వచ్చి పరామర్శించి బత్తాయిలు ఇచ్చి వెళ్ళింది. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలి?

మందులు వాడాను, కౌన్సెలింగుకూ వెళ్ళాను. కొంత నయమే. కానీ బస్సెక్కడం మానేశాను. బజారు మానేశాను. స్కూలుకు మా ఆయన దించితేనే వెళ్ళేదాన్ని. అప్పుడే ఫోన్లో ఇలాంటివాళ్ళ గ్రూపు ఒకటి దొరికింది. అందులో ప్రొద్దుటూరు నుంచి మాబున్ని అనే ఆవిడ గొంతు రికార్డు చేసి పంపేది. వెనక ఎప్పుడూ లారీల మోత. ఒకరోజు నాకే విడిగా పంపింది. "టీచరమ్మా, ఫోన్లో ఎన్నాళ్ళని ఏడుస్తావు? ఈడికి రా. నలుగురం కూసోని ఏడుద్దాం."

వెళ్తానంటే మా ఆయన వద్దనలేదు. ఒక కాగితం రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి నా సంచికి పిన్నుతో గుచ్చారు. "ఈవిడకు గుండె జబ్బు లేదు. దయచేసి పది నిమిషాలు ఆగండి. ఇట్లు, భర్త."

కడప నుంచి ప్రొద్దుటూరు

రైల్లో బెర్తు మీద కళ్ళు మూసుకునే వచ్చాను కాబట్టి చెప్పడానికేమీ లేదు. కడపలో బస్సెక్కి తలుపు పక్క సీటు పట్టుకున్నాను. చెన్నూరు దాటాక పెన్న మీద వంతెన వచ్చింది. నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. గోదావరి చూసిన కళ్ళకు, ఎవరో నదిని మడతపెట్టి దాచుకున్నట్టు అనిపించింది. మైదుకూరులో కూరగాయల గంపతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతాండావు మ్మే?"

"ప్రొద్దుటూరండి."

"బంగారానికా?"

నాకు అబద్ధం తోచలేదు. "కాదండి, భయానికి" అన్నాను.

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "దానికి అంత దూరం పోవాల్నా? మా ఊర్లోనే శానా ఉండాది" అని గంపలోంచి ఒక దోసకాయ తీసిచ్చింది.

మా వైపైతే ఇలాంటి మాట వింటే అయ్యో అని చెయ్యి పట్టుకుని, దిగేలోపు పది జాగ్రత్తలు చెప్తారు. ఇక్కడ దోసకాయ ఇచ్చి ఊరుకున్నారు. నాకు ఇదే తేలిగ్గా ఉంది.

ప్రొద్దుటూరు బస్టాండులో మాబున్ని స్కూటరు మీద కనిపించింది. యాభై దాటిన మనిషి, తలమీద కొంగు, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. భర్త పోయాక ఊరి చివర ఎర్రగుంట్ల దారిలో లారీలు తూచే వేబ్రిడ్జిని ఆమే నడుపుతోంది. "ఎట్లుండావని అడగను. సూస్తానే ఉండా కదా" అని నేరుగా కారం దోసె తినిపించడానికి తీసుకుపోయింది.

దోసె నలభై రూపాయలు. పైన ఎర్రకారం, దానిమీద పప్పుల పొడి. రెండో ముక్కకు నా చెవులు మూసుకుపోయాయి, చెమట పట్టింది, గుండె దడదడలాడింది. వచ్చేసిందనుకున్నాను. బల్ల పట్టుకుని, "మాబున్నిగారూ, వచ్చింది" అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒక నిమిషం పరీక్షగా చూసింది. "అది కాదు. ఇది కారం. దీనికి మందు నెయ్యి. దానికి మందు టయిము" అని సర్వరును కేకేసింది. నెయ్యి వేశాక నిజంగానే తగ్గింది.

తూకం మీద కుర్చీలు

వీళ్ళ సమావేశం వేబ్రిడ్జి మీదే. అంటే పక్కన కాదు, లారీలు ఎక్కే ఇనుప పలక మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఎందుకిలా అంటే, తలుపులున్న గదిలో ఓబులేసు కూర్చోలేడు. మేడ మీదైతే మాబున్నికి కళ్ళు తిరుగుతాయి. గుడి మంటపంలో మైకు ఉంటుంది, మైకు చూస్తే సామికి వస్తుంది. వెతగ్గా వెతగ్గా నాలుగు వైపులా గోడలు లేకుండా, పైన రేకు ఒక్కటే ఉండే చోటు ఊరంతటికీ ఇదొక్కటే దొరికిందట.

ఓబులేసు పులివెందుల దగ్గరి పల్లెలో గొర్రెలు కాస్తాడు. ఆరడుగుల మనిషి. గొర్రె దొంగల్ని ఒంటరిగా తరిమినవాడు. రెండేళ్ళ కిందట ఏటీఎం గదిలో తలుపు బిగుసుకుంటే మొదటిసారి వచ్చింది. సామి అంటే జమ్మలమడుగు పురోహితుడు సుబ్బరాయశర్మ. సన్నగా ఉంటాడు, మాట మాత్రం గట్టిది.

మాబున్ని నాకు విషయం విడమరిచి చెప్పింది. "ఇంట్లో కుక్క ఉంటాది సూడు, దొంగ రాకున్నా ఒక్కోసారి అరుస్తాది. ఎందుకరిసిందో దానికే తెల్దు. మనం లేసి ఇల్లంతా ఎతుకుతాం. ఎతికేకొద్దీ అది ఇంకా అరుస్తాది. కుక్కను సంపొద్దు. ఎతకొద్దు. పక్కన కూసో. అరిసి అరిసి అదే పండుకుంటాది."

ఇంతలో నాపరాళ్ళ లారీ వచ్చింది. అందరం లేచి కుర్చీలు మోసుకుని పక్కకు జరిగాం. లారీ తూగింది, దిగింది, మళ్ళీ పలకెక్కి కూర్చున్నాం. ఆ గంటలో అయిదుసార్లు లేచాం. ఒక డ్రైవరు మాత్రం చీటీ చేతికొచ్చినా కదలకుండా కిటికీలోంచి తల పెట్టి వింటున్నాడు.

"అక్కా, ఘాట్ రోడ్డులో నాకూ చేతులు వణుకుతాయి. అదీ ఇదేనా?"

"ముందు డాక్టరుకు సూపించుకో. ఆయప్ప ఏం లేదంటే అప్పుడు ఈడికి రా" అంది మాబున్ని.

ఓబులేసు అద్దం గదిలో ఎర్రగా వెలిగే అంకెలకేసి చూపించాడు. మా నలుగురి బరువూ కుర్చీలతో సహా కనిపిస్తోంది. "టీచరమ్మా, మొన్న నాకొచ్చినప్పుడు దీనిమీదే కూసోనుండా. గుండెలమీద బండ పెట్టినట్టుంటే, బరువేమైనా పెరిగిందా అని సూసినా. ఒక్క కిలో పెరగలే."

"ఆ మిషను పది కిలోలకు తక్కువ సూపీదప్పా" అంది మాబున్ని.

అందరం నవ్వాం. సామి ఒక్కడే నవ్వలేదు. ఆయన బాధ వేరు. మూడేళ్ళ కిందట ఎర్రగుంట్లలో ఒక పెళ్ళి చేయిస్తూ, చేతిలో మైకుతో, మంత్రం మధ్యలో ఊపిరాడక పీటల మీదే కూలబడ్డాడు. అపశకునమన్నారు. ఆ రోజు నుంచి పెళ్ళిళ్ళు మానేసి తద్దినాలు మాత్రమే పెట్టిస్తున్నాడు.

"చచ్చినోళ్ళు తొందర పెట్టరమ్మా. మధ్యలో ఆగినా ఏమనుకోరు" అన్నాడు నాతో.

ఇప్పుడు పులివెందులలో చిన్ననాటి స్నేహితుడు చెన్నకేశవులు కూతురి పెళ్ళి. నువ్వు చేయించకపోతే నా బిడ్డ పెళ్ళి చూసినట్టే కాదని ఆ స్నేహితుడు మూడుసార్లు ఇంటికొచ్చాడట. సామి ఒప్పుకున్నాడు. ఇదీ చేతకాకపోతే, పెళ్ళిళ్ళ సంచీ తమ్ముడి కొడుక్కి ఇచ్చేసి ఇక దాని మొహం చూడనని నిర్ణయించుకున్నాడు. మేం ముగ్గురం తోడు పోవాలి. అసలు నన్ను రమ్మన్నది అందుకేనని అప్పుడు తెలిసింది.

"నేనేం చేయగలనండీ? తలుపు పక్క సీటు దొరక్కపోతే నేనే బస్సెక్కలేను" అన్నాను.

"అందుకే పిల్సినాం. ఎక్కగలిగేటోళ్ళు మాకెందుకు?" అంది మాబున్ని.

జమ్మలమడుగులో బిందెకు పెళ్ళి

రెండో రోజు సామి ఇంట్లో రిహార్సల్. ఆయన భార్య ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులకు తిరగమోత. మా వైపు మరమరాలను పిడతకింద పప్పులో తప్ప గౌరవించం. ఇక్కడ అదే రాజభోగం. రెండుసార్లు పెట్టించుకున్నాను.

వసారాలో పీటలు వేశారు. పెళ్ళికొడుకు ఓబులేసు. పెళ్ళికూతురికి మనిషి దొరక్క ఇత్తడి బిందెను పీట మీద పెట్టి, రవికగుడ్డ కప్పి, బొట్టు పెట్టారు. మాబున్ని మైకు బదులు గరిటె పట్టుకుని సామి మూతి దగ్గర పెట్టింది. నేను గుంపు. అంటే, దూరంగా కూర్చుని దగ్గుతూ, పిల్లల్ని గదమాయిస్తూ, "ఇంకా ఎంతసేపండీ?" అంటూ ఉండాలి.

సామికి వస్తే ఉత్తరీయం కుడి భుజం మీదికి మార్చుకోవాలి. అది చూసి మేం ముందుకు రావాలి. ఎవరూ "భయపడకు" అనకూడదు. "ఏం కాదులే" అనకూడదు. పక్కన నిలబడి వేరే సంగతేదైనా మాట్లాడాలి. ఇంతే.

సంకల్పం బాగానే నడిచింది. జీలకర్ర బెల్లం దగ్గర సామి గొంతు ఆగింది. ఉత్తరీయం మారింది. అందరం ఒక్కసారి లేవబోయేసరికి వాకిట్లో ఒకావిడ. పక్కింటి నాగరత్నమ్మట. బిందెను చూసింది, పీట మీద ఓబులేసును చూసింది, చెంపలు వేసుకుంది.

"కుజదోషానికి కుండ పెండ్లి చేస్తాండారా సామీ? ఒక్కమాట చెప్పకూడదా? మావాడిది కూడా ఇదే ఊపులో కానియ్యి" అని, సమాధానం వినకుండా జాతకం తేవడానికి పరుగెత్తింది.

సామి బిందెకేసి చూశాడు. ఓబులేసు బాసికం సర్దుకుంటున్నాడు. సామి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ ఊపిరి దొరికింది. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఈయన ఇలా నవ్వి మూడేళ్ళయిందని నాతో మెల్లిగా చెప్పింది.

నాగరత్నమ్మ జాతకంతో వచ్చింది. ఆ బిందెకు వేరే పనులున్నాయని చెప్పి పంపడానికి అరగంట పట్టింది.

ముద్దనూరు దాటాక

మూడో రోజు పులివెందుల బస్సు. ముద్దనూరు దాటేదాకా బాగానే ఉన్నాను. తర్వాత బస్సు నిండింది. ఒకతను నా మోకాళ్ళకు తన బియ్యం మూట ఆనించాడు. తలుపు కనిపించలేదు. మొదట వేళ్ళు, తర్వాత పెదవులు తిమ్మిరెక్కాయి. "ఆపండి!" అని అరిచాను.

బస్సు ఆగింది. దిగి రోడ్డు పక్క కంకర మీద కూర్చున్నాను. చుట్టూ నల్లరేగడి చేలు, కనుచూపు మేర ఒక్క ఇల్లు లేదు. బస్సులో సగం మంది నా వెనకే దిగారు. ఒకతను మూర్ఛ అనుకుని తాళాలగుత్తి చేతిలో పెట్టాడు. ఒకామె ఉల్లిపాయ వాసన చూపించింది. ఇంకొకతను నా సంచి మీది కాగితం పైకి చదివి వినిపించాడు. "ఈవిడకు గుండె జబ్బు లేదు. దయచేసి పది నిమిషాలు ఆగండి." కండక్టరు వాచీ చూసుకుని, "భర్త రాసినాడు కాబట్టి ఆగుతాం" అని డ్రైవరుకు చెప్పాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఓబులేసు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా మొహం చూడలేదు, చేనుకేసి చూస్తూ మాట్లాడాడు.

"గొర్రె వయసు ఎట్ల చెప్పాలో తెల్సునా టీచరమ్మా? నోరు తెరిసి పండ్లు సూడాల. రెండు పెద్ద పండ్లుంటే ఏడాది దాటింది. నాలుగైతే రెండేండ్లు. ఆరు, ఎనిమిది... ఎనిమిదితో నోరు నిండింది. ఆడికి నాలుగేండ్లు. ఆపైన అరుగుదలే. పైన ముందర పండ్లుండవు దానికి."

"అసలు... ఉండవా?" అన్నాను.

"ఉండవు. ఉత్త సిగురే."

నేను గొర్రె పై చిగురు గురించి ఆలోచించాను. నలభై రెండేళ్ళలో ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచిస్తుండగా వేళ్ళలోకి రక్తం వచ్చింది. పది నిమిషాలు కాలేదు, ఏడే అయింది. కండక్టరు మిగతా మూడు నిమిషాలూ కూడా ఆగుదామన్నాడు, కాగితంలో పది అని ఉందట.

అందరం మళ్ళీ ఎక్కాం. నేనే ముందెక్కాను. తాళాలతను బస్సు దిగేదాకా తాళాలు అడగడానికి మొహమాటపడ్డాడు.

పులివెందుల

నాలుగో రోజు పొద్దున పది నలభైకి ముహూర్తం. కల్యాణమండపం తలుపులన్నీ తెరిపించాం. ఎందుకని అడిగితే "సాంప్రదాయం" అన్నాడు సామి. మేం ముగ్గురం మొదటి వరసలో కూర్చుని కళ్ళార్పకుండా ఆయన ఉత్తరీయాన్నే చూస్తున్నాం. పెళ్ళివాళ్ళకు మేమెవరమో అర్థం కాలేదు. మగపెళ్ళివారు ఆడపిల్లవారి తరఫనుకున్నారు, వీళ్ళు వాళ్ళ తరఫనుకున్నారు. అందుకని ఇద్దరూ మర్యాదగా చీనీ రసం పంపారు. బత్తాయిని ఇక్కడ చీనీ అంటారు. ఆ రుచి తలుచుకుంటే మా ఊళ్ళో తాగేదాన్ని ఇక రసం అనలేను.

సామి చేతిలో మైకు వణికింది గానీ ఉత్తరీయం కదల్లేదు. అడ్డుతెర పట్టారు. వధూవరులు జీలకర్ర బెల్లం పట్టుకున్నారు. అప్పుడు పెళ్ళికొడుకు ఒక పక్కకు ఒరిగాడు.

"గుండె పట్టేసినాది... ఊపిరాడ్లే... సచ్చిపోతాండా" అన్నాడు.

ఎవరో నీళ్ళ కోసం చెయ్యెత్తారు. అది సైగ అనుకుని మేళగాళ్ళు గట్టిమేళం అందుకున్నారు. హాలంతా అక్షింతలు చల్లారు. తెరకు అవతల పెళ్ళికూతురికి ఏమీ తెలియదు. జీలకర్ర బెల్లం పట్టుకున్న ఆమె చెయ్యి తెర పైనుంచి వచ్చి, పెళ్ళికొడుకు తల ఉండాల్సిన చోట గాలిలో వెతుక్కుంటోంది. పెళ్ళికొడుకు మేనమామ, తెల్లబట్టల్లో బుర్రమీసాల మనిషి, "మేళం ఆపండ్రా! ముహూర్తం దాటిపోతాంది! సామీ, ఏందిది?" అని అరుస్తున్నాడు.

సామి వంగి పెళ్ళికొడుకు పక్కన నేలమీద కూర్చున్నాడు. చేతిలో మైకుందన్న సంగతి మర్చిపోయాడు. మేళం ఆగిన నిశ్శబ్దంలో ఆయన మాట హాలంతా వినబడింది.

"సచ్చిపోతాండానని ఖాయంగా తెలుస్తాంది కదా నాయనా?"

"అవు సామీ."

"నాకూ మూడేండ్ల కింద ఇట్లాంటి పీటల మీదే తెలిసింది. సావలే. ఇప్పటికీ వస్తాంటాది. ఇందాక మంత్రం చదువుతాంటే కూడా వచ్చింది. చూడు, ఈడనే ఉండా."

మూడేళ్ళు దాచుకున్న మాటను పులివెందుల సగం వినేసింది. మాబున్ని నా చెయ్యి పట్టుకుంది. ఎవరికి ధైర్యం కోసమో తెలియలేదు, రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి.

బంధువుల్లో ఒక డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది, ఛాతీలో నొప్పి ఉందా అని అడిగింది. కంగారు లేదని, పెళ్ళయ్యాక ఒకసారి ఈసీజీ తీయించుకోమని చెప్పింది. ఓబులేసు అప్పటికే వేదిక ఎక్కేశాడు. నాలుగు గోడల మధ్య అంత జనంలోకి తనంతట తాను నడిచి వెళ్ళాడని ఆయనకు తర్వాత మేం చెప్తే గానీ తట్టలేదు. పెళ్ళికొడుకు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గొర్రె వయసు ఎట్ల చెప్పాలో తెల్సునా అబ్బయా?"

గొర్రె పళ్ళ వివరం మొత్తం మైకులో వచ్చింది. ముసలివాళ్ళు తలలూపారు. "ఆరు పండ్లకు మూడేండ్లు" అని వెనక నుంచి ఎవరో అందించారు.

తెర కిందికి జారింది. పెళ్ళికూతురే లాగేసింది. "ఏమయింది?" అంది.

"భయమేసినాది" అన్నాడు పెళ్ళికొడుకు.

"నాకూ ఏస్తాంది. కానిద్దాం పట్టు" అని జీలకర్ర బెల్లం అతని తలమీద పెట్టేసింది. సామి ఉలిక్కిపడి మంత్రం అందుకుని ఆమె వెనకాలే దాన్ని పరుగెత్తించాడు. మేళగాళ్ళు ఈసారి ఎవరు చెప్పినా నమ్మలేదు. సామి మూడుసార్లు సైగ చేస్తే గానీ వాయించలేదు.

"ముహూర్తం దాటలేదా?" అని భోజనాల దగ్గర అడిగాను.

"దాటింది. గ్రహాలు కూడా మనమాదిరి కాసేపు ఆగుంటాయిలే" అన్నాడు సామి. ఓళిగ మీద, అంటే మా బొబ్బట్టు మీద, నెయ్యి వేయించుకుంటున్నాడు. పెళ్ళిళ్ళ సంచీ ఆయన ఒళ్ళోనే ఉంది. అప్పటికే ఇద్దరొచ్చి వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు రమ్మని అడిగిపోయారు. మంత్రాల కన్నా ఆ మాటలు నచ్చాయట.

నేను చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాను. కొళాయి దగ్గర పెళ్ళికొడుకు మేనమామ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మావాళ్ళు నన్ను పిలవడం విన్నట్టున్నాడు.

"టీచరమ్మా, మాకు తెల్సినోడు ఒకడుండాడు. వానికి కూడా ఇట్లే ఐతాది. కారు తోల్తాంటే" అన్నాడు.

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగేండ్లు. ఎవురికీ చెప్పలే వాడు." స్తంభం పట్టుకున్నాడు. మీసాల మీద చెమట. "వానికి... ఇప్పుడు కూడా వస్తాంది."

వెనక్కి చూశాను. మావాళ్ళెవరూ కనుచూపు మేరలో లేరు. గొర్రెల గురించి నాకు తెలిసిందంతా ఆయన అప్పటికే మైకులో విన్నాడు. నోటికొచ్చింది మొదలుపెట్టాను.

"మా వైపు పనసపొట్టు కూర చేస్తామండి. లేత పనసకాయ చెక్కు తీసి, కత్తితో సన్నగా కొట్టాలి. కొడుతూనే ఉండాలి. కాయంతా పొట్టు అయిపోవాలి."

ఆయన కళ్ళు మూసుకునే అడిగాడు. "పొట్టు... ఎందుకు? ముక్కలు కోసి వండొచ్చు కదా?"

"కోయకూడదండి. పొట్టే కావాలి. దాన్ని ఉడికించి, నీళ్ళు పిండి, చివర్న ఆవ పెడతాం."

"కాయను అంతసేపు కొడతారా? మీకేం పనుండదా?" కళ్ళు తెరిచాడు. స్తంభం మీది చెయ్యి కాస్త వదులైంది. "ఆవ ఎంత పెడతారు?"

ఆవ సంగతి, ఎండుమిరప సంగతి, చేతులకు జిగురంటకుండా నూనె రాసుకునే సంగతి అన్నీ చెప్పాను. ఆయన ఒక్కోదానికీ అభ్యంతరం చెప్పాడు. చివరికి పైగుడ్డతో మొహం తుడుచుకుని, నిటారుగా నిలబడి, మీసం సరిచేసుకున్నాడు.

"వానికి తగ్గింది" అన్నాడు.

తిరుగు రైలు

పూర్తిగా నయమై వచ్చానని రాస్తే ఈ పేజీలు చక్కగా ముగిసేవి. కడపలో రైలెక్కిన గంటకే మళ్ళీ వచ్చింది. ఎదుటి సీట్లో తువ్వాలు మెడకు చుట్టుకున్న పెద్దాయన ఒకరు పేపరు మడిచి, "ఏమ్మా, అలా ఉన్నావేం? ఒంట్లో బాలేదా?" అని లేవబోయారు.

"పానిక్ అటాక్ అండీ. కాసేపట్లో పోతుంది" అన్నాను. బయటివాళ్ళతో ఆ మాట అనడం అదే మొదటిసారి. వేళ్ళు తిమ్మిరెక్కుతూనే ఉన్నాయి. "మీరు కూర్చోండి. మీదే ఊరు?"

ఆయనది తుని అట. ఊరి కబుర్లు మొదలుపెట్టారు.